రిఫండ్ పడింది, ఇంట్లో సభ మొదలైంది

గాజువాకలో మా పక్కింటి బాబాయ్ గారు షిప్‌యార్డులో వెల్డరుగా చేరి ఫోర్‌మన్‌గా రిటైరయ్యారు. కోడలిది రుషికొండలో ఐటీ ఉద్యోగం. 2025 సెప్టెంబరు మొదట్లో ఆమె అకౌంట్లో ఇన్‌కమ్ ట్యాక్స్ రిఫండ్ 41,600 రూపాయలు, వడ్డీ కింద ఇంకో 1,248 పడ్డాయి. ఆ సాయంత్రం వాళ్ల వరండాలో చిన్న సభ జరిగింది. నేనూ ఓ ప్రేక్షకుణ్ణి.

హాల్లోకి ఏసీ తీసుకుందామంది కోడలు. హోమ్‌లోన్‌లో కట్టేద్దామన్నాడు కొడుకు. బాబాయ్ గారికి అసలు ఆ సంబరమే నచ్చలేదు. “అదేమైనా బోనసా అమ్మా? నీ జీతమే నీకు తిరిగొచ్చింది. జీతాన్ని ఎలా చూస్తావో దీన్నీ అలాగే చూడాలి” అన్నారు. “జీతంలో కలిసొస్తే ఈపాటికి పెట్రోల్లో, కూరగాయల్లో పోయుండేది మావయ్య గారూ. విడిగా వచ్చింది కాబట్టే ఏసీ అని అనగలుగుతున్నాను” అంది ఆమె.

ఈ వాదన వాళ్లింట్లో పుట్టింది కాదు. ప్రజల చేతికి డబ్బు తిరిగివస్తే ఏం చేస్తారన్న ప్రశ్న మీద ప్రభుత్వాలే తలో కాలంలో తలో మాట చెప్పాయి. ఒకప్పుడు ఖర్చు పెట్టేస్తారని భయపడి దాచిపెట్టాయి. ఇప్పుడు ఖర్చు పెట్టాలని కోరుకుంటున్నాయి.

ముందు ఆ 41,600 ఎలా పుట్టిందో చెప్పాలి. ఆమె జీతం ఏడాదికి 11 లక్షలు. ఇంటి అప్పు మీద కట్టిన 2 లక్షల వడ్డీకి బ్యాంకు కాగితం జనవరిలో ఆఫీసుకు ఇవ్వాల్సింది. టైముకి చేతికి రాలేదు. దాంతో ఆఫీసువాళ్లు ఆ మినహాయింపు లేనట్టే లెక్కగట్టి, ఫిబ్రవరి, మార్చి జీతాల్లో ఒక్కసారే కోసేశారు. జులైలో రిటర్న్ వేసినప్పుడు ఆ వడ్డీ చూపిస్తే ఎక్కువ కోసింది వెనక్కి వచ్చింది. విశాఖలో ఈ కథ ప్రతి వీధిలో ఉంటుంది. పోర్టు, షిప్‌యార్డు, రిఫైనరీ, నేవీ, రైల్వే, స్టీల్‌ప్లాంట్ అంటూ ఊళ్లో సగం బతుకులు నెల జీతాలవే. ఇక్కడ పన్ను కట్టడం అనరు, ‘కటింగ్’ అంటారు. రైతు శిస్తు కట్టినట్టు, వ్యాపారి చలానా కట్టినట్టు మన చేత్తో ఇచ్చేది కాదు. మన చేతికి రాకముందే పోతుంది. పోయినదాని మీద అంత బెంగ ఉండదు. వచ్చినదాని మీదే ఇంత గోల.

మన దేశంలో ఆదాయపు పన్ను 1860లో మొదలైంది. 1857 తిరుగుబాటుతో ఖాళీ అయిన ఖజానా నింపడానికి లండన్ నుంచి జేమ్స్ విల్సన్ అనే ఆర్థికవేత్తను పంపారు. 200 రూపాయల లోపు ఆదాయానికి పన్ను లేదు. 200 నుంచి 500 దాకా 2 శాతం, ఆపైన 4 శాతం. అప్పుడు విశాఖపట్నం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ మద్రాసు గవర్నరు చార్లెస్ ట్రెవెలియనే ఈ పన్నును గట్టిగా వ్యతిరేకించాడు. కొత్త పన్నులెందుకు, సైన్యం ఖర్చు తగ్గించండి అని రాసి, ఆ రాత ప్రతిని పత్రికలకే ఇచ్చేశాడు. సొంత ప్రభుత్వం మీద గవర్నరే పత్రికలకెక్కడంతో అతన్ని వెనక్కి పిలిపించారు. విల్సన్ ఆ ఏడాది ఆగస్టులోనే కలకత్తాలో జబ్బుచేసి చనిపోయాడు. తమాషా ఏమిటంటే, కొన్నేళ్లకు అదే ట్రెవెలియన్ ఆర్థిక వ్యవహారాలు చూడటానికి తిరిగొచ్చాడు. ఐదేళ్ల కోసం తెచ్చిన ఆ పన్ను 1865లో ఆగిపోయింది. మళ్లీ వచ్చి, పోయి, 1886 చట్టంతో స్థిరపడింది. తరవాత 1922 చట్టం, ఆ తరవాత ఇప్పటి ఉద్యోగస్తులంతా ఎరిగిన 1961 చట్టం.

జీతం నుంచే ముందుగా కోసే పద్ధతి బలపడినకొద్దీ, ఎక్కువ కోస్తే తిరిగివ్వాలన్న బాధ్యతా దాని వెంటే వచ్చింది. అమెరికాలో ఈ పద్ధతి 1943లో, యుద్ధం ఖర్చుల కోసం అందరికీ వచ్చింది. దాన్ని తయారుచేయడంలో చెయ్యి వేసిన కుర్ర ఉద్యోగుల్లో మిల్టన్ ఫ్రీడ్‌మన్ ఒకడు. పెద్ద ఆర్థికవేత్త అయ్యాక, ఆ పని చేసినందుకు నొచ్చుకున్నాడు కూడా. 1957లో అతను చెప్పిన సిద్ధాంతం అచ్చం మా బాబాయ్ గారి మాటే: మనిషి ఖర్చు తన దీర్ఘకాలపు ఆదాయాన్ని బట్టి ఉంటుంది, ఒక్కసారి వచ్చిపడే డబ్బుకు పెద్దగా చలించడు. తరవాతి తరంలో రిచర్డ్ థేలర్ కోడలి పక్షం వహించాడు. మనిషి మనసులో డబ్బుకు వేర్వేరు డబ్బాలుంటాయి, జీతం డబ్బా వేరు, రిఫండ్ డబ్బా వేరు అన్నాడు. ఇద్దరికీ నోబెల్ వచ్చింది, కాబట్టి మా వరండాలో తీర్పు చెప్పే ధైర్యం నాకు లేదు. 2001లో అమెరికా ప్రభుత్వం ఇంటింటికీ పన్ను వాపసు చెక్కులు పంపినప్పుడు, ఖర్చు పెడతామన్నవాళ్లు 22 శాతమేనని ఒక సర్వే తేల్చింది. మిగతావాళ్లు దాచుకుంటాం, అప్పు తీరుస్తాం అన్నారు. మరికొందరు పరిశోధకులు ఇంటి ఖర్చుల లెక్కలు తిరగేసి, మొదటి మూడు నెలల్లోనే 20 నుంచి 40 శాతం ఖర్చయిందన్నారు. నోటితో చెప్పే మాటకీ సంచిలో పడే సరుకుకీ తేడా ఉంటుందని కిరాణా కొట్టువాడికి ఎప్పుడూ తెలుసు.

మన దగ్గర ఈ కథలో అసలు మలుపు 1974. అప్పట్లో ధరల పెరుగుదల 20 శాతం దాటింది. మే నెలలో దేశమంతా రైల్వే సమ్మె. అది ముగిసిన కొన్ని వారాలకే, జులైలో, ఇందిరా గాంధీ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఏడాది పాటు పెరిగే జీతం మొత్తం, రెండేళ్ల పాటు పెరిగే డీఏ (కరువు భత్యం)లో సగం ఉద్యోగి చేతికి ఇవ్వకుండా నిర్బంధ డిపాజిట్‌గా జమ చేసుకుంటారు. తరవాత ఐదు వార్షిక వాయిదాల్లో వడ్డీతో తిరిగిస్తారు. ఏడాదికి 15,000 రూపాయలు దాటిన పన్ను చెల్లింపుదారులకు ఇంకో నిర్బంధ డిపాజిట్ పెట్టారు. అది 1980ల నడుమ దాకా సాగింది. కారణం దాచలేదు: డబ్బు చేతికొస్తే జనం బజారుకు వెళతారు, ధరలు ఇంకా పెరుగుతాయి. ఈ ఆలోచనకు మూలం బ్రిటన్‌లో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఆర్థికవేత్త కీన్స్ చెప్పిన సలహా మీద అక్కడ కొంత పన్నును ‘యుద్ధం అయ్యాక ఇస్తాం’ అని రాసి ఉంచారు. ఆ బాకీ మొత్తం తీరేసరికి 1973 వచ్చింది. అప్పటికి ఆ పన్ను కట్టినవాళ్లలో ఎంతమంది మిగిలారో మరి.

బాబాయ్ గారికి ఆ రోజులు బాగా గుర్తు. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు, పెరిగిన డీఏలో సగం కాగితం మీదే చూశాడు. “మా డబ్బు మేం ఖర్చు పెడితే దేశానికి నష్టమన్నారు. కొన్నేళ్లకు వాయిదాల్లో వచ్చింది. దానితో ఏం కొన్నానో చెప్పనా? ఏమీ కొనలేదు. చెల్లి పెళ్లి అప్పులో కలిసిపోయింది.” రిఫండ్‌ను చూసి ఆయన ఎందుకు సంబరపడరో నాకు ఆ మాటతోనే అర్థమైంది. ఆయన తరానికి తిరిగొచ్చే డబ్బు అంటే ఆలస్యంగా వచ్చే న్యాయం.

కాగితాల కాలంలో మామూలు రిఫండ్ కూడా అలాగే ఉండేది. రిటర్న్ వేసి మరిచిపోవాలి. ఎప్పుడో ఓ రోజు పోస్టులో రిఫండ్ వోచరు వస్తుంది. వచ్చాక తెలుగువాళ్లకు ఇంకో చిక్కు. మన ఇంటిపేరు ముందుంటుంది. వోచరు మీద అది వెనక్కి పోయి, బ్యాంకు పాస్‌బుక్కులో ఒక్క అక్షరంగా మిగిలి, రెండూ ఒకే మనిషివని కౌంటరు దగ్గర నమ్మించాలి. ఇప్పటికీ పాన్‌లో పేరు, బ్యాంకులో పేరు కలవక అకౌంటు ‘వ్యాలిడేట్’ కాని కేసులు మన ఆడిటర్ల దగ్గర ఉంటాయి.

అంత ఆలస్యంగా వచ్చిన డబ్బు దొరికిన డబ్బులా అనిపించేది. అందుకే పాత ఇళ్లలో రిఫండ్‌తో కొన్న వస్తువు ఒకటి గుర్తుండిపోతుంది: ఓ మిక్సీ, కురుపాం మార్కెట్లో కొన్న జత గాజులు, పిల్లాడి సైకిలు. పన్ను శాఖ ఆలస్యమే మనిషి చేత ఖర్చు పెట్టించిందని నా అనుమానం. ఏడాదిన్నర తరవాత వచ్చిన సొమ్మును జీతంగా గుర్తుపట్టడం ఎవరికైనా కష్టమే.

ఆ ఆలస్యం మెల్లగా తగ్గింది. 2007 జనవరిలో ఢిల్లీ, పాట్నాల్లో స్టేట్ బ్యాంకు ద్వారా రిఫండ్ పంపడం మొదలుపెట్టారు. తరవాత రిటర్నుల లెక్క చూసే పని బెంగళూరు కేంద్రానికి చేరింది. 2019 మార్చి 1 నుంచి చెక్కులు పోయి, పాన్‌తో కలిపిన బ్యాంకు అకౌంటుకే రిఫండ్ పడుతోంది. ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం 2013లో సగటున 93 రోజులు పట్టిన పని 2024కి 17 రోజులకు దిగింది. 2013-14లో సుమారు 83 వేల కోట్లున్న రిఫండ్లు 2024-25లో 4.77 లక్షల కోట్లయ్యాయి. కంపెనీలకు వెళ్లే రిఫండ్లు కూడా ఇందులో కలిసే ఉన్నాయి. ఇదంతా మన గాజువాక డబ్బనుకుంటే పొరపాటు.

జులైలో రిటర్న్ వేస్తే రిఫండ్ శ్రావణానికి అటూ ఇటూగా పడుతుంది. వరలక్ష్మీ వ్రతానికి చిన్నమెత్తు బంగారం కొనేవాళ్లకు ఇంతకంటే మంచి ముహూర్తం ఏముంది.

ఆడిటర్లు మాత్రం దీన్ని మెచ్చుకోరు. రిఫండ్ వచ్చిందంటే ప్రభుత్వానికి ఏడాదంతా చేబదులిచ్చావన్నమాట అంటారు. లెక్క చూస్తే వాళ్ల మాట నిజం. తిరిగిచ్చేటప్పుడు ప్రభుత్వం నెలకు అర శాతం వడ్డీ ఇస్తుంది, అదీ ఆర్థిక సంవత్సరం ముగిసి ఏప్రిల్ వచ్చాకే లెక్క మొదలు. కోడలికి నెలకు 208 చొప్పున ఆరు నెలలకు 1,248 వచ్చింది అలాగే. ఆ వడ్డీ మీద మళ్లీ పన్ను. రిఫండ్ మొత్తం కట్టాల్సిన పన్నులో పదో వంతు కూడా లేకపోతే వడ్డీయే లేదు. అదే మనం ముందస్తు పన్ను తక్కువ కడితే నెలకు 1 శాతం వసూలు చేస్తారు. మనకిచ్చేది అర, మన దగ్గర తీసుకునేది ఒకటి. కాఫీ హోటల్లో దీని మీద గొంతు పెంచని పెన్షనరు లేడు.

అయినా ఆడిటర్ల మాట నాకు సగమే ఒప్పు. ఎందుకంటే మన ఊళ్లో చీటీలున్నాయి. చీటీ కట్టే ఆవిడకు పాట పోయాక చేతికొచ్చేది ఎంతో, బ్యాంకులో వేస్తే ఎంతయ్యేదో తెలియక కాదు. నెలనెలా చిల్లరగా ఉంటే కరిగిపోతుందని, ఒక్కసారి ముద్దగా వస్తే పని జరుగుతుందని కడుతుంది. రిఫండ్ కూడా చాలామందికి అలాంటిదే, పాట లేని చీటీ. ఆ సంగతి తెలిసి కావాలనే జనవరిలో కాగితాలివ్వని ఉద్యోగి ఒకాయన నాకు తెలుసు. “ఆఫీసుకిస్తే మా ఆవిడకు తెలియకుండా ఖర్చయిపోతుంది, వద్దు” అంటాడు. ఎవరికి తెలియకుండా ఎవరు ఖర్చు పెడతారో ఆయన వివరంగా చెప్పలేదు.

ఈ ముద్ద మీద ఆశే ఇంకో దారి కూడా తొక్కించింది. ‘మీకు ఇంత రిఫండ్ తెప్పిస్తాం, అందులో మాకింత’ అనే ఏజెంట్లు పుట్టుకొచ్చారు. లేని అద్దె, ఇవ్వని విరాళం, కట్టని ఇన్సూరెన్సు చూపించి పన్ను వెనక్కి లాగడం. 2025 జులై 14న ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు చేసింది. అంతకుముందు నాలుగు నెలల్లో సుమారు 40 వేల మంది తప్పుడు క్లెయిములు మానుకుని, 1,045 కోట్ల మేర వెనక్కి తీసుకున్నారని ప్రకటించింది. ఆ ఏడాది అనుమానం వచ్చిన రిఫండ్లు నెలల తరబడి ఆగాయి, నిజాయితీపరులవి కూడా కొన్ని వాటితోపాటు. ఆ టెన్షన్ మళ్లీ కాగితాల కాలాన్ని గుర్తుచేసింది.

మధ్యలో కోవిడ్ వచ్చినప్పుడు ప్రభుత్వం రిఫండ్‌ను సాయంగా వాడింది. 2020 ఏప్రిల్ 8న, 5 లక్షల లోపు పెండింగ్ రిఫండ్లన్నీ వెంటనే వదులుతామని, సుమారు 14 లక్షల మందికి మేలని ప్రకటించింది. మన డబ్బే మనకిచ్చి సాయమంటారేంటని అప్పుడే కొందరు మూతి ముడిచారు. జీతాలు ఆగినవాళ్లు మూతి ముడవలేదు.

ఇక 2025 ఫిబ్రవరి బడ్జెట్. ఇంటి అప్పు వడ్డీలాంటి మినహాయింపులు వదులుకుని ఎంచుకునే కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా, జీతగాళ్లకైతే 12.75 లక్షల దాకా పన్ను లేదన్నారు. ఏటా సుమారు లక్ష కోట్ల ఆదాయం వదులుకుంటున్నామని చెప్పారు. ఎందుకంటే జనం చేతిలో డబ్బుండాలి, కొనాలి, దాచాలి, పెట్టుబడి పెట్టాలి. 1974లో భయపడిన పనినే ఇప్పుడు బడ్జెట్ ప్రసంగంలో ఆహ్వానించారు. సెప్టెంబరు 22న ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగడం కూడా ఆ వరసలోదే.

ఆ తేదీ దాకా ఆగి, దసరాకు ముందు ఏసీ కొన్నారు మా పక్కింటివాళ్లు. మిగిలింది లోన్‌లో వేశారు. ఏసీ హాల్లో పెట్టాక బాబాయ్ గారు మధ్యాహ్నం నిద్రకు హాల్లోకి మారారు, దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు.

అయితే ఆ ఏప్రిల్ నుంచే కోడలు కొత్త విధానం ఎంచుకుంది. ఆమె జీతం మీద పన్నే లేదు కాబట్టి నెలకు 4,550 కటింగ్ ఆగింది. ఇక రిఫండ్ అనేది ఉండదు. ఏడాదికి 54,600, అంటే ఏసీ కొన్న రిఫండ్ కంటే ఎక్కువ, నెలనెలా ఇంట్లోకి వస్తోంది. దాని మీద వరండాలో సభ జరగలేదు. ఆ డబ్బు ఏం చేస్తున్నారమ్మా అని మొన్న అడిగితే, “ఉండండి చెప్తాను” అని ఫోన్‌లో స్టేట్‌మెంటు తెరిచింది. కిందికీ పైకీ కాసేపు జరిపి చూసింది. తరవాత నవ్వేసి, ఫోన్ పక్కన పెట్టి టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.