ఎంజైమ్ వేగం పెంచుతుంది, ఫలితం మార్చదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఎంజైములంటే జీవకణాల్లో రసాయన చర్యల వేగం పెంచే పదార్థాలు, ఎక్కువగా ప్రోటీన్లు. వాటి గురించి బయోకెమిస్ట్రీ చెప్పే నాకు క్లాసులోనూ ల్యాబ్‌లోనూ తరచూ ఎదురయ్యే అపోహలివి. మొదటిది పోతే మిగతావి చాలావరకు వాటంతటవే సర్దుకుంటాయి.

అపోహ: ఎంజైమ్ వేస్తే ఉత్పన్నం (చర్యలో తయారయ్యే పదార్థం) ఎక్కువ వస్తుంది.

ఎక్కువ రాదు, త్వరగా వస్తుంది. చర్య చివరికి ఏ సమతాస్థితిలో (ముందుకూ వెనక్కూ ఒకే వేగంతో జరిగే స్థితిలో) కుదురుకోవాలో నిర్ణయించేది ఆ పదార్థాల మధ్య ఉన్న శక్తి తేడా. ఎంజైమ్ తగ్గించేది మధ్యలో దాటాల్సిన శక్తి అడ్డంకిని, అంటే ఉత్తేజన శక్తిని మాత్రమే. అది తగ్గితే ముందుకు జరిగే చర్యా, వెనక్కి జరిగే చర్యా ఒకే నిష్పత్తిలో వేగం అందుకుంటాయి.

ఎర్ర రక్తకణాల్లోని కార్బోనిక్ అన్‌హైడ్రేజ్‌నే చూడండి. కణజాలాల దగ్గర కార్బన్ డయాక్సైడ్‌ను బైకార్బొనేట్‌గా మార్చేది అదే, ఊపిరితిత్తుల్లో తిరిగి కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేదీ అదే. ఎటు నడవాలో తేల్చేది అక్కడి గాఢతలు. దీని ఒక్క అణువు సెకనుకు దాదాపు 10 లక్షల కార్బన్ డయాక్సైడ్ అణువులను మార్చగలదు. ఇంత వేగమున్నా సమతాస్థితి ఆవగింజంత కూడా జరగదు. నాకు ఎంజైముల్లో అన్నిటికన్నా అందంగా కనిపించేది ఇదే.

అపోహ: ఎంజైమ్ తన శక్తిని చర్యకు ఇస్తుంది.

ఇవ్వదు. సబ్‌స్ట్రేట్ (ఎంజైమ్ మార్చే పదార్థం) మారుతూ మారుతూ ఉండే పరివర్తన స్థితిని గట్టిగా పట్టుకుని స్థిరపరుస్తుంది. తాళంలో తాళంచెవిలా సబ్‌స్ట్రేట్ ఎంజైమ్‌లో సరిపోతుందని 1894లో రసాయన శాస్త్రవేత్త ఎమిల్ ఫిషర్ చెప్పిన పోలిక ఇక్కడ చాలదు. సబ్‌స్ట్రేట్‌నే అంత బిగువుగా పట్టుకుంటే చర్య నెమ్మదిస్తుంది. ఈ పట్టు ఎంత చేయగలదో చెప్పడానికి ఓఎంపీ అనే అణువు నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను విడదీసే ఎంజైమ్, ఓఎంపీ డీకార్బాక్సిలేజ్ చాలు. అది లేకపోతే ఆ చర్య నీటిలో సగం పూర్తవడానికే సుమారు 7.8 కోట్ల ఏళ్లు పడుతుంది. అది ఉంటే సెకనులో చిన్న భాగం సరిపోతుంది.

అపోహ: సబ్‌స్ట్రేట్ పెంచేకొద్దీ వేగం పెరుగుతూనే ఉంటుంది.

ఎంజైమ్ మీద సబ్‌స్ట్రేట్ అతుక్కునే క్రియాశీల స్థానాలన్నీ నిండాక పెరగదు. శాస్త్రవేత్తలు మైకేలిస్, మెంటెన్ 1913లోనే దీనికి సమీకరణం ఇచ్చారు.

అపోహ: చలికి ఎంజైమ్ చచ్చిపోతుంది.

ఎంజైమ్ ప్రాణి కాదు. చల్లదనంలో సాధారణంగా నెమ్మదిస్తుంది, వెచ్చబడితే మళ్లీ పుంజుకుంటుంది. నిర్మాణం చెదిరేది ఎక్కువగా వేడికి. అందరూ అనుకూలమని అనుకునే 37 డిగ్రీల సెల్సియస్ కూడా అన్ని ఎంజైములకూ వర్తించదు. వేడినీటి బుగ్గల బాక్టీరియా నుంచి వచ్చిన, డీఎన్ఏ నకళ్లు తయారుచేసే టాక్ పాలిమరేజ్ 70 డిగ్రీలు దాటాకే బాగా పనిచేస్తుంది.