బిగుసుకున్న నడుము: నేరం పనిదా, నీళ్లదా, కణాలదా?

మహారాష్ట్రలోని బల్లార్షా, రాజురా ప్రాంతాల తెలుగు ఇళ్లలో నడుము నొప్పికి కారణం వెతకరు. అది ముందే సిద్ధంగా ఉంటుంది. బొగ్గు గనిలో దిగేవాడికైతే పని, దిగనివాడికైతే నీళ్లు. చంద్రపూర్ జిల్లాలో కొన్ని ఊళ్ల బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువన్నది నిజమే. పైగా ఫ్లోరైడ్‌తో ఎముకలు బిగుసుకుపోయే జబ్బును 1937లో వైద్యులు వర్ణించింది నాటి నెల్లూరు జిల్లాలోనే కాబట్టి, ఆ అనుమానం తెలుగువారికి కొత్త కాదు. కానీ పాతికేళ్లైనా నిండని కుర్రాణ్ని నడుము నొప్పి తెల్లవారుజామున నిద్రలేపి, పడుకుంటే పెరిగి, నాలుగడుగులు నడిస్తే తగ్గుతోందంటే ఈ రెండు కారణాలూ చాలవు.

పేరు దగ్గరే ఒక తికమక ఉంది. మెడకు పట్టీ కట్టుకున్న ప్రతివారూ ‘స్పాండిలైటిస్’ అంటారు. వారిలో ఎక్కువమందిది అరుగుదల. ఇక్కడ మాట్లాడుతున్నది ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్ గురించి. వెన్నెముక అడుగున తుంటి ఎముకతో కలిసే కీళ్లలో వాపుతో ఇది మొదలవుతుంది. కొందరిలో ఏళ్లు గడిచేకొద్దీ పూసల మధ్య ఎముక పెరిగి వెన్ను ఒకే కర్రలా మారుతుంది. 1890లలో బెఖ్తెరెవ్, స్ట్రుంపెల్, పియరీ మారీ అనే వైద్యులు దీన్ని వర్ణించారు గానీ ఎందుకు వస్తుందో చెప్పలేకపోయారు.

తొలి ఆధారం 1973లో దొరికింది. లండన్‌లోనూ లాస్ ఏంజెలెస్‌లోనూ పరీక్షించిన రోగుల్లో నూటికి సుమారు తొంభైమందికి కణాల మీద హెచ్‌ఎల్‌ఏ-బీ27 అనే అణువు కనిపించింది. ఈ అణువు పని కణం లోపలి ప్రోటీన్ ముక్కలను బయట నిలబడిన సీడీ8 టీ కణాలకు (సోకిన కణాలను చంపే రోగనిరోధక కణాలు) చూపించడం. దాంతో అనుమానం సహజంగానే వాటి మీదకు వెళ్లింది. పేగులోని సూక్ష్మజీవి ముక్కకూ మన సొంత ముక్కకూ పోలిక ఉండి అవి మోసపోతున్నాయని ఊహించారు. బీ27 జన్యువు పెట్టిన ఎలుకలను సూక్ష్మజీవులే లేని గదుల్లో పెంచితే పేగు, కీళ్ల జబ్బులు రాలేదని 1994లో తేలింది. ఊహకు బలం వచ్చింది. తీరా అలాంటి ఎలుకల్లో సీడీ8 కణాలను తొలగించినా జబ్బు ఆగలేదు! కేసు మళ్లీ మొదటికొచ్చింది.

ఈలోగా మరో దారి తెరుచుకుంది. 1995లో రోగుల వెన్ను తుంటి ఎముకతో కలిసే కీళ్ల నుంచి తీసిన ముక్కల్లో టీ కణాలు, క్రిములను మింగే మాక్రోఫేజ్‌లు, వాపు రేపే టీఎన్‌ఎఫ్ అనే సంకేత ప్రోటీన్ జాడ కనిపించాయి. కొన్నేళ్లకే టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే సూదులు వచ్చాయి. 2012లో స్నాయువు ఎముకకు అంటుకునే చోట కాపురముండే కొన్ని టీ కణాలు ఐఎల్-23 అనే మరో ప్రోటీన్ సంకేతానికి రెచ్చిపోతాయని ఎలుకల్లో చూశారు. అయితే ఐఎల్-23ను అడ్డుకునే మందులు సోరియాసిస్‌లో బ్రహ్మాండంగా పనిచేసినా వెన్ను దగ్గర విఫలమయ్యాయి. ఐఎల్-23 ప్రేరణతోనే వస్తుందనుకున్న మరో సంకేతం ఐఎల్-17ను అడ్డుకుంటే మాత్రం ఫలితం దక్కింది. ఎలుక చెప్పిందంతా మనిషికి వర్తించదు.

2022లో సీడీ8 కణాలు మళ్లీ బోనెక్కాయి. రోగుల నుంచి తీసిన కొన్ని టీ కణ గ్రాహకాలు (ఆ కణాలు ముక్కలను గుర్తుపట్టే భాగాలు) బీ27 చూపించే బాక్టీరియా ముక్కలనూ మన సొంత ముక్కలనూ రెండింటినీ పట్టుకుంటున్నాయని తేలింది. అయినా బీ27 ఉన్నవారిలో అత్యధికులకు ఈ జబ్బు రానే రాదు. రక్తపరీక్ష కాగితం ఒక్కటే చూసి బెంబేలెత్తనక్కర్లేదు.

గని ప్రాంతాల వారు మరవకూడనిది ఇంకొకటుంది. ఊపిరితిత్తుల్లో నిద్రాణంగా ఉన్న క్షయ క్రిమి చుట్టూ మాక్రోఫేజ్‌లు కట్టిన గోడను నిలబెట్టేదీ టీఎన్‌ఎఫే. అందుకే టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే సూది మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, క్షయ పరీక్ష చేయిస్తారు.