గంట టేపుకి గంటే

చిన్నీ, కిట్టూ,

మీ వాయిస్ మెసేజ్ విన్నాను. నాన్నమ్మకి కూడా వినిపించాను. ఆవిడ ప్రశ్న వదిలేసి "చిన్నికి జలుబు చేసినట్టుంది, గొంతు చూడండి" అంది. సరే, ప్రశ్న సంగతి నేను చూస్తాను. ఫోన్లోంచి కంప్యూటర్లోకి ఎంత పెద్ద వీడియో అయినా రెండు నిమిషాల్లో ఎక్కేస్తుంటే, అటక మీద దొరికిన హ్యాండీక్యామ్‌లో ఆ బుల్లి క్యాసెట్టుకి మాత్రం గంట ఎందుకు పట్టాలి, అదీ కదా మీ అనుమానం. మీ నాన్న "అదంతే" అని తేల్చేశాడట. చిన్నప్పుడు వాడికి ఎవరైనా అలా చెబితే ఊరుకునేవాడు కాదు.

మన వీధి కుళాయి గుర్తుంది కదా? పొద్దున్నే ఓ గంట వస్తుంది, పోతుంది. ఆ గంటసేపూ దాని ధార దానిదే. మనకి తొందరగా ఉందని జోరు పెంచదు, నాన్నమ్మ పక్కింటావిడతో మాట్లాడుతోందని ఆగదు. బిందె పెట్టుకుని దగ్గరుండాలి, అంతే. మీ క్యాసెట్టూ అలాంటి కుళాయే. ఫోన్లో వీడియో చిప్పులో ఉంటుంది కాబట్టి కంప్యూటరు ఎంత వేగంగా అడిగితే అంత వేగంగా ఇస్తుంది. క్యాసెట్టులో ఉన్నది రిబ్బను. మొదటి బొమ్మ ఈ చివర, ఆఖరి బొమ్మ ఆ చివర. ఆ రిబ్బను కెమెరా లోపల తిరిగే డ్రమ్ము మీంచి నడిస్తేనే బొమ్మ బయటికొస్తుంది, అదీ తీసిన రోజున ఏ వేగంతో నడిచిందో ఆ వేగంతోనే. గంటసేపు తీశారు, గంటసేపు నడవాలి.

ఆ రిబ్బను పావంగుళం వెడల్పు. డ్రమ్ము వేలెడంత కూడా ఉండదు గానీ నిమిషానికి 9000 చుట్లు తిరుగుతుంది. అది తిరుగుతూ రిబ్బను మీద ఏటవాలుగా గీతలు గీస్తుంది, ఒక్కో గీత వెడల్పు మిల్లీమీటరులో నూరోవంతు. చిన్ని జడలోంచి ఒక వెంట్రుక తీసి ఆ రిబ్బను మీద పెడితే దాని కింద అయిదారు గీతలు దాక్కుంటాయి. మీ కెమెరా అమెరికాది కనుక ఒక్క బొమ్మకి అలాంటి గీతలు పది, సెకనుకి సుమారు ముప్పై బొమ్మలు. ఇంత పని ఆ అరచేతిలో పట్టే డబ్బాలో, చప్పుడు కూడా సరిగ్గా వినపడకుండా జరిగిపోతుంది. నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. (పెట్టమన్నాను కదా అని నిజంగా పెట్టకండి. రిబ్బనుకి వేలు కూడా తగలకూడదు.)

ఇప్పుడు పైపు సంగతి. కెమెరాకి యూఎస్‌బీ రంధ్రం ఉంది, అది పెడితే ఫొటోలు మాత్రమే కనిపించాయి అన్నాడు కిట్టు. కనిపించేవి అవే. ఆ కాలం హ్యాండీక్యాముల్లో యూఎస్‌బీ చాలావరకు మెమరీ కార్డులో ఫొటోల కోసం పెట్టిందే. టేపులో నీళ్ళు రావలసింది దాని పక్కనున్న చిన్న రంధ్రంలోంచి, మూత మీద "డీవీ" అనో "ఐ లింక్" అనో రాసి ఉంటుంది. అసలు పేరు ఫైర్‌వైర్. 1990లలో వచ్చింది, అప్పట్లో యూఎస్‌బీ దాని ముందు చుక్కచుక్కగా కారే పంపు. కెమెరా వైపు నాలుగు పిన్నుల చిన్న మూతి, పాత కంప్యూటర్ వైపు ఆరు పిన్నుల పెద్ద మూతి, రెండు చివర్లూ వేర్వేరుగా ఉండే కేబుల్ కావాలి. పెద్ద మూతిని తిరగేసి బలవంతంగా తొయ్యకండి. అందులో కరెంటు కూడా వస్తుంది, కెమెరా కాలిపోగలదు.

కొత్త ల్యాప్‌టాప్‌లో ఈ రంధ్రం ఉండదు. బజార్లో ఒక చివర ఫైర్‌వైర్, ఇంకో చివర యూఎస్‌బీ ఉన్న చవక ముక్క చూపిస్తారు, కొనకండి. మూతి మార్చినంత మాత్రాన ధార రాదు, రెండు పైపులు మాట్లాడే భాషలే వేరు. మీ నాన్న పాత డెస్క్‌టాప్ ఇంకా ఉంటే దాంట్లో ఫైర్‌వైర్ కార్డు పెట్టించమనండి. టేపుని కంప్యూటర్లోకి లాగడానికి విన్‌డీవీ అని చిన్న ఉచిత ప్రోగ్రాం ఉంది, నాకు అదే నచ్చింది. పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్లు అడిగే ప్రశ్నలు అది అడగదు.

బిందె ఎంతది కావాలి? గంట టేపుకి సుమారు 13 జీబీ. ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు. ఫ్యాట్ 32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పాత డిస్కు అయితే ఒక్కో ఫైలు 4 జీబీ దాటనివ్వదు, అంటే పద్దెనిమిది నిమిషాలు దాటగానే బిందె నిండిపోయి మిగతాది వీధిలో పోయినట్టే. ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కు వాడండి. ధార పడుతున్నంతసేపూ కంప్యూటర్లో గేములు ఆడటం, యూట్యూబ్ చూడటం లేవు. దాని చూపు ఒక్క క్షణం అటు తిరిగినా కొన్ని బొమ్మలు జారిపోతాయి, డ్రాప్డ్ ఫ్రేమ్స్ అని అంకె కనిపిస్తుంది. అది సున్నా దగ్గరే ఉండాలి. పెరిగితే టెన్షన్ పడకండి, టేపు వెనక్కి తిప్పి ఆ ముక్క మళ్ళీ పట్టుకోవచ్చు.

ఇక్కడ చిన్ని అడ్డుపడుతుందని నాకు తెలుసు. "తాతయ్యా, కుళాయి నీళ్ళయితే ఒకసారి పట్టాక అయిపోతాయి కదా, టేపులోవి మళ్ళీ ఎలా వస్తాయి?" అంటుంది. నిజమే. ఇది ఎంత పట్టినా తరగని కుళాయి. ఇంకో విచిత్రం, ఈ కేబుల్లో కబురు రెండు వైపులా నడుస్తుంది. కంప్యూటర్లో ప్లే నొక్కితే అక్కడ కెమెరాలో టేపు తిరగడం మొదలుపెడుతుంది. బిందె వెళ్ళి కుళాయి తిప్పినట్టు! మన వీధిలో అలాంటి బిందె ఒక్కటుంటే నాన్నమ్మ పొద్దున్నే లేచే పనే ఉండదు. సరే, పోలిక ఇక్కడ తెగిపోయింది, వదిలేద్దాం.

పట్టడం మొదలుపెట్టే ముందు చూసుకోవలసినవి కొన్ని. క్యాసెట్టు అంచున బుల్లి గడి ఉంటుంది, దాన్ని "సేవ్" వైపు జరపండి. అప్పుడు పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాతది చెరిగిపోదు. బ్యాటరీ మీద కాకుండా చార్జర్ గుచ్చి నడపండి, ఆ బ్యాటరీ వయసు మీ ఇద్దరి వయసుల కంటే ఎక్కువ. ఏళ్ళ తరబడి కదలని టేపుని ముందు చివరిదాకా ముందుకి, మళ్ళీ వెనక్కి ఒకసారి తిప్పండి, బిగుసుకున్న చుట్లు వదులవుతాయి. ఏసీ గదిలోంచి తీసిన కెమెరాని వెంటనే ఉక్కగా ఉన్నచోట ఆన్ చేయకండి. డ్రమ్ము మీద తేమ పడితే రిబ్బను దానికి అతుక్కుంటుంది. బొమ్మ గళ్ళుగళ్ళుగా పగిలితే డ్రమ్ములో బొమ్మని చదివే హెడ్డు మురికి పట్టిందన్నమాట, క్లీనింగ్ క్యాసెట్టు పది సెకన్లు నడపండి, అంతకంటే వద్దు. ఇంక ముఖ్యమైనది, ఆ కెమెరా బాబాయి అమెరికా నుంచి తెచ్చింది కనుక దాని వీడియో పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, మన దేశంలో అప్పట్లో వాడింది పాల్. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అడిగినప్పుడు ఎన్‌టీఎస్‌సీ అనే చెప్పండి, పాల్ అంటే కదలికలు కుదుపు కుదుపుగా వస్తాయి.

కట్ చేయడం అంటే నాకు మా ఊరి టూరింగ్ టాకీసే గుర్తొస్తుంది. గుడారం కింద ఇసుకలో నేల టికెట్టు. ఆట మధ్యలో రీలు పుటుక్కున తెగేది. జనం ఈలలు, కేకలు. ఆపరేటరు లోపల తెగిన అంచులు కత్తిరించి, మందు రాసి అతికించి మళ్ళీ వేసేవాడు. ఆ కత్తిరించిన ముక్కల కోసం మర్నాడు పొద్దున్నే మేం గుడారం వెనక వాలిపోయేవాళ్ళం. హీరో ముక్కకి పది గోళీలు, ఫైటింగు ముక్కకి ఇరవై, ఉత్త చెట్లూ కొండలూ ఉన్నదాన్ని ఊరికే ఇచ్చినా ఎవడూ తీసుకోడు. మాడిపోయిన బల్బు అడుగు జాగ్రత్తగా ఊడదీసి, లోపలి తీగలు లాగేసి, నీళ్ళు పోసేవాళ్ళం. అదే మా భూతద్దం. చీకటి గదిలో తాతగారి పంచె కట్టి, గుమ్మంలో ఒకడు అద్దంతో ఎండని లోపలికి కొట్టేవాడు. అట్టలో చీలిక చేసి ఫిలిం ముక్క తలకిందులుగా పెడితే పంచె మీద బొమ్మ నిటారుగా పడేది. కదిలేది కాదు. అయినా మేం గంటలు చూసేవాళ్ళం. అద్దం పట్టుకున్నవాడి చెయ్యి వణికితే హీరోకి జ్వరం వచ్చినట్టుండేది, వాణ్ణి తిట్టేవాళ్ళం, వాడు అలిగి అద్దం పట్టుకుపోతే ఆరోజుకి సినిమా బంద్. పంచె సంగతి బయటపడిన రోజున ఏం జరిగిందో మాత్రం రాయను.

ఆ ఫిలింని ఎండకి ఎత్తి చూస్తే బొమ్మ కంటికి కనిపించేది. మీ రిబ్బను ఎండకి ఎత్తినా ముదురు రంగు తప్ప ఏమీ కనిపించదు, ఉన్నదంతా అయస్కాంతపు గుర్తులే. కానీ మీకో సుఖం ఉంది. ఆపరేటరు కత్తిరించిన ముక్క మళ్ళీ సినిమాలోకి వెళ్ళేది కాదు. మీరు షాట్‌కట్ లోనో కెడెన్‌లైవ్ లోనో ఎంత కోసినా అసలు ఫైలు చెక్కు చెదరదు, ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా చూపించు అని ఆ సాఫ్ట్‌వేర్ రాసిపెట్టుకుంటుంది, అంతే. అందుకని భయం లేకుండా కోయండి. కానీ ఆ 13 జీబీ ఫైలుని మాత్రం పని అయిపోయింది కదా అని చెరిపేయకండి, ఇంకో డిస్కులో కూడా ఒకటి దాచండి. తయారైన వీడియోని బంధువులకి పంపడానికి ఎంపీ4గా చిన్నది చేసుకుంటారు, అది పంచిపెట్టడానికే. ఇంకోటి, పాత బొమ్మ 4:3 కొలతది. టీవీ నిండాలని పక్కలకి సాగదీస్తే నాన్నమ్మ లావుగా కనిపిస్తుంది, ఆ తర్వాత జరిగేదానికి నా పూచీ లేదు. పక్కన నల్ల పట్టీలు ఉంటే ఉండనివ్వండి.

మ్యూజిక్ ఎక్కించాలని ఇద్దరికీ సరదాగా ఉంటుంది. టైటిల్స్ దగ్గర ఎక్కించుకోండి. మిగతాచోట ఆ టేపులో ఉన్న గొంతులు వినిపించనివ్వండి. ఆ రోజు ఎవరు ఎవర్ని ఏమని పిలిచారో, ఎవరు దేనికి విసుక్కున్నారో అదంతా బొమ్మ కంటే విలువైనది. పాటలు ఎక్కడైనా దొరుకుతాయి. అందుకే ధార పడే గంటా పక్కన కూచుని చూడమంటున్నాను, ఎక్కడ ఎవరు వస్తారో నిమిషాలతో సహా కాగితం మీద రాసుకోండి, ఎడిటింగ్‌లో సగం పని అక్కడే అయిపోతుంది. క్యాసెట్టు మీద పెన్సిలుతో తేదీ, ఊరు రాయండి. మీ నాన్న రాయలేదు.

నేను రాశాను కాబట్టి చెబుతున్నాను, "2003 పుష్కరాలు" అని నా చేతిరాత ఉన్న క్యాసెట్టు ముందు తీయండి. అందులో మీ నాన్న రేవు మెట్ల మీంచి గోదావరిలోకి దూకుతాడు. ఆ దూకుడు దగ్గరికి వచ్చాక వీఎల్‌సీ ప్లేయర్లో వీడియో మెనూలో డీఇంటర్‌లేస్ (చీలిన అంచుల్ని నున్నగా చేసి చూపించేది) ఆఫ్ చేసి, పాజ్ పెట్టి, కీబోర్డు మీద ఇంగ్లీషు E అక్షరం ఒక్కొక్కసారే నొక్కుతూ వెళ్ళండి. మెట్లు, వెనక నిలబడ్డ జనం నున్నగా ఉంటారు. మీ నాన్న అంచులు మాత్రం దువ్వెన పళ్ళలా చీలిపోయి ఉంటాయి. పాడైందనుకుని నాకు ఫోన్ చేయకండి. ఆ కెమెరా ఒక్కో బొమ్మనీ రెండు విడతలుగా తీసింది. బొమ్మలోని అడ్డగీతల్లో గీత విడిచి గీత ఒకసారి, మిగిలిన గీతలు సుమారు అరవయ్యో వంతు సెకను తర్వాత. కదలనివాళ్ళకి రెండు విడతలూ ఒకటే. దూకేవాడు ఈలోగా కాస్త కిందికి జారిపోయాడు, అందుకని ఒకే బొమ్మలో వాడు రెండు చోట్ల ఉన్నాడు. ముందు మీ నాన్నని చూడండి, తర్వాత నీళ్ళు పైకి చిమ్మే దగ్గర ఒక్క చుక్కని పట్టుకుని అది ఏ బొమ్మ దాకా కనిపిస్తుందో చూడండి. చూసి, తర్వాతే డీఇంటర్‌లేస్ ఆన్ చేయండి.

ఆశీస్సులతో,
తాతయ్య