నొప్పి మందు ఇస్తే కాన్పు ఆగిపోతుందా?

"మేడమ్, నొప్పి తగ్గే సూది ఇయ్యకండి, కాన్పు ఆగిపోతది." నల్గొండలో కాన్పులు చేస్తున్న నాకు లేబర్ రూమ్ బయట అత్తగారి నోటో అమ్మమ్మ నోటో తరచూ వినిపించే మాట ఇది. లోపల పిల్లేమో మంచం పట్టుకుని ఏడుస్తుంటుంది. పొద్దున వద్దన్న వాళ్లే, అర్ధరాత్రికి పిల్ల అలసిపోయాక "ఇగ తట్టుకోలేదు, ఆపరేషన్ చేసేయండి" అంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ముహూర్తాలతో సహా దానికి చాలా కారణాలున్నాయి, కానీ నొప్పి భయం చిన్న కారణమేమీ కాదు.

గర్భసంచి ముడుచుకోవడం వేరు, ఆ బాధ మనకు తెలియడం వేరు. ముడుచుకునేలా చేసేవి ఒంట్లోనే తయారయ్యే ఆక్సిటోసిన్, ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. సెలైన్‌లాగా మేం ఎక్కించే పారాసిటమాల్ ముఖ్యంగా మెదడు, వెన్నుపాము దగ్గర బాధను తగ్గిస్తుంది, కాన్పును ఆపదు. పైగా భయంతో, బాధతో ఒళ్లు బిగుసుకుని అడ్రినలిన్ పెరిగితే నొప్పులు మందగించొచ్చు. అంటే మందు లేకపోవడం వల్లే కాన్పు నెమ్మదించే అవకాశం ఉంది!

నొప్పి మందు నిజంగా కాన్పుకు అడ్డుపడే సందర్భం ఒకటుంది, కానీ దానికి మాత్రం ఎవరూ భయపడరు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి గోలీలు ప్రోస్టాగ్లాండిన్లను తగ్గిస్తాయి. నెలలు నిండకుండా వచ్చే నొప్పులను ఆపడానికి వాడే ఇండోమెథాసిన్ కూడా ఈ రకం మందే. మునుగోడు, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు పట్టేసిన పెద్దవాళ్ల ఇళ్లలో ఈ గోలీలు ఎప్పుడూ ఉంటాయి. ఆ వైపు నుంచే వచ్చిన ఒక తొలి కాన్పు పిల్లకు ఉమ్మనీరు బాగా తగ్గింది, ఏం మందులు వాడుతున్నావమ్మా అంటే ఐరన్, కాల్షియం అంది. గట్టిగా అడిగితే అత్తమ్మ కొంగుముడి విప్పి అట్ట చూపించింది, నడుం నొప్పికి రోజూ తన గోలీయే కోడలికి ఇస్తోందట. పాపం, ప్రేమతోనే ఇచ్చింది, ఆమెను తిట్టడానికి నాకు మనసు రాలేదు. గోలీ ఆపేసి, స్కాన్లు తీస్తూ కనిపెట్టుకుని ఉన్నాం, బిడ్డ బాగానే పుట్టింది. కానీ అందరికీ అలా జరగదు. 20 వారాలు దాటాక ఈ గోలీలతో బిడ్డ మూత్రపిండాలు దెబ్బతిని ఉమ్మనీరు తగ్గొచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో హెచ్చరించింది. చివరి నెలల్లో అయితే, పుట్టేదాకా తెరిచి ఉండాల్సిన బిడ్డ గుండె దగ్గరి రక్తనాళం ముందే మూసుకుపోయే ప్రమాదం కూడా ఉంది. డాక్టర్ రాసిన చిన్న మోతాదు ఆస్పిరిన్ సంగతి వేరు, దాన్ని మీ అంతట మీరు ఆపకండి.

మిగతా మందుల సంగతి త్వరగా చెప్పేస్తా. పారాసిటమాల్‌తో బిడ్డ మత్తుగా పుడుతుందనేది తప్పు. ఆ భయం పెథిడిన్ లాంటి ఓపియాయిడ్ల (నల్లమందు రకం ఘాటైన నొప్పి మందుల) వల్ల వచ్చింది, అవి కాన్పుకు బాగా దగ్గర్లో ఇస్తే బిడ్డ ఊపిరి మందగించొచ్చు, అందుకే సమయం చూసి ఇస్తాం. అలాగని పారాసిటమాల్ నొప్పిని పూర్తిగా తీసేస్తుందనుకోకండి, పదును కొంచెం తగ్గిస్తుంది, మొదటి దశలో ఎక్కువ ఉపయోగం. డ్రోటావెరిన్, బుస్కోపాన్ గర్భసంచి మూతి సడలడానికి ఇచ్చేవి, వాటితో బాధ మాయం కాదు. నిద్ర సూది ఇస్తే నిద్రే వస్తుంది, నొప్పి తగ్గదు. అన్నిటికంటే బాగా పనిచేసేది ఎపిడ్యూరల్, అంటే వెన్ను దగ్గర సన్నని గొట్టం పెట్టి ఇచ్చే మత్తుమందు. దానివల్ల సిజేరియన్లు పెరగవు, జీవితాంతం నడుం నొప్పి ఉండిపోతుందనేది వట్టి పుకారు.

మందులతో పాటు పక్కన ఒక మనిషి ఉండాలి. లేబర్ రూముల్లో సేవలు మెరుగుపరచడానికి 2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ‘లక్ష్య’ కార్యక్రమం కూడా కాన్పప్పుడు తోడు ఉండాలనే చెబుతోంది, కాబట్టి మొహమాటపడకుండా అడగండి. కాన్పుకు వచ్చేటప్పుడు పసిబట్టల సంచిలో ఇంట్లో వాడిన గోలీల అట్టలన్నీ వేసుకుని రండి, ఆర్ఎంపీ ఇచ్చినవైనా సరే. ఏ సూదులు వేయించారో కూడా చెప్పండి. ఏ మందు ఇవ్వచ్చో, ఏది ఇవ్వకూడదో తేల్చుకోవడానికి మాకు కావాల్సింది అదే.