తరలి వెళ్లిన పిల్లల కథలు: అపోహలు - వాస్తవాలు

మొన్నటి రెండో ఆదివారం కూడా అదే జరిగింది. మా పిల్లల గ్రంథాలయం పక్కనే బాలికల హాస్టల్ ఉంది. కూతుర్ని చూసుకోవడానికి వచ్చిన ఒక తల్లి పుస్తకం చేత్తో పట్టుకుని నేరుగా నా దగ్గరకు వచ్చారు. "టీచరుగారూ, మా అమ్మాయి అసలే ఇంటిమీద బెంగ పెట్టుకుని ఉంది. రైలెక్కించి పంపేసిన పిల్లల కథ దీనికెందుకు ఇచ్చారండీ?"

ఆవిడ అడగడంలో తప్పేమీ లేదు. పద్నాలుగేళ్లుగా పిల్లలచేత పుస్తకాలు చదివిస్తున్నాను. రెండో ప్రపంచయుద్ధంలో బాంబుదాడుల భయంతో నగరాల నుంచి పల్లెలకు పంపేసిన బ్రిటన్ పిల్లల మీద వచ్చిన నవలల గురించి ఈ ప్రశ్న ఎంతమంది తల్లులు అడిగారో లెక్కలేదు. వాళ్ల కంగారు నాకు అర్థమవుతుంది. నాకు కోపం వచ్చేది, ఒక్క పేజీ చదవకుండానే "అవి చదివిన పిల్లలు రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నారట" అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లమీద. ఏ పుస్తకం, ఎవరి పిల్లలు అని అడిగితే ఒక్కరూ చెప్పరు.

అపోహ: యుద్ధం కథలు పసిమనసులను భయపెడతాయి. ఇంటికి దూరంగా ఉన్న పిల్లలకైతే అసలే ఇవ్వకూడదు.

వాస్తవం: ఈ నవలల్లో చాలావాటిలో బాంబులు పడే పేజీలు కొన్నే. మిగతా పుస్తకమంతా ఏముంటుంది? కోటు గుండీకి కట్టిన పేరు చీటీ. అట్టపెట్టెలో పెట్టి మెడకు తగిలించిన గ్యాస్ మాస్క్. ఊరి హాలులో వరుసగా నిలబడిన పిల్లలు, వాళ్లలోంచి తమకు కావలసినవాళ్లను ఏరుకుని వెళ్లే పెద్దలు, చివరిదాకా ఎవరూ ఏరుకోని అక్కాతమ్ముళ్లు. తెల్లవారేసరికి తడిసిన పక్క, దాన్ని ఎవరి కంటా పడకుండా దాచే తాపత్రయం. గొంతు దిగని కొత్త ఇంటి తిండి.

దీన్ని భయం అనరు. ఆ తల్లి వాడిన మాటే దీనికి సరైన మాట: బెంగ. బెంగ పుస్తకంలోంచి అంటుకోదు. హాస్టల్ గేటు దగ్గర దింపిన ఆటో వెనక్కి తిరిగినప్పుడే అది మొదలైంది. ఆ బెంగ తన ఒక్కదానికే వచ్చిన జబ్బు కాదని ఆ పిల్లకు చెప్పేవాళ్లు లేరు. పుస్తకం చెబుతుంది.

యుద్ధకాలంలో లండన్‌లోని హాంప్‌స్టెడ్‌లో పసిపిల్లల ఆశ్రయాలు నడిపిన ఆనా ఫ్రాయిడ్, డోరతీ బర్లింగ్‌హామ్ గమనించిందీ ఇదే. తల్లి పక్కన ఉన్నంతసేపూ బాంబుల మోతకు తట్టుకున్న పిల్లలు, తల్లి కనబడకపోవడాన్ని తట్టుకోలేకపోయారు.

నిరుడు ఆరో తరగతి పిల్లలకు, ఆనాడు తరలి వెళ్లే పిల్లలు వెంట తెచ్చుకోవలసిన సామాన్ల జాబితా చదివి వినిపించాను. మార్చుకోవడానికి లోదుస్తులు, రాత్రి తొడుక్కునే బట్టలు, దువ్వెన, పళ్ల బ్రష్, తువ్వాలు, సబ్బు, చేతిరుమాళ్లు, ఆ రోజుకు తిండి. తర్వాత తలా ఒక చీటీ ఇచ్చి పేరు, ఊరు రాసి గుండీకి కట్టుకోమన్నాను. ఒక అమ్మాయి చీటీ రాయకుండా కూర్చుంది. ఎందుకని అడిగితే, "నా పేరు ట్రంకుపెట్టెమీద ఉంది కదా టీచర్, మా నాన్న తెల్లరంగుతో రాశాడు" అంది. పక్కపిల్ల "మా అమ్మ దుప్పటి అంచుమీద దారంతో కుట్టింది" అంది. ఆ తర్వాత గంటసేపు ఎవరి సామాను కథ వాళ్లు చెప్పుకున్నారు. జూన్ నెల నుంచి నోరు విప్పని ఇద్దరు పిల్లలు ఆ రోజే మాట్లాడారు.

ఇంకా నమ్మకం కుదరనివారికి సిటీ ఆఫ్ బెనారస్ సంగతి చెబుతాను. మన కాశీ పేరు పెట్టుకున్న ఆ ఓడ పిల్లలను కెనడాకు తీసుకువెళుతూ 1940 సెప్టెంబరు 17 రాత్రి అట్లాంటిక్‌లో జర్మన్ టార్పెడోకు మునిగిపోయింది. ప్రభుత్వ పథకం కింద వెళుతున్న 90 మంది పిల్లల్లో 77 మంది చనిపోయారు. ఒక లైఫ్‌బోటు మాత్రం ఎనిమిది రోజులు సముద్రంమీద తేలుతూ ఉండిపోయింది. అందులో ఆరుగురు మగపిల్లలు, వాళ్లకు తోడుగా మేరీ కార్నిష్ అనే సంగీతం టీచరు ఉన్నారు. చలికి కొయ్యబారిన పిల్లల కాళ్లు రుద్దుతూ ఆవిడ రోజూ కథ చెప్పారు. ఎలాంటి కథ? గూఢచారులు, వెంటాడే శత్రువులు, అడుగడుగునా ప్రమాదాలు ఉన్న సాహసగాథ. రేపు ఏమవుతుందోనని పిల్లలు ఎదురుచూసేలా, రోజుకు కొంచెం చొప్పున. నడిసముద్రంలో ఉన్న పిల్లలకు ఆవిడ లాలిపాటలు చాలనుకోలేదు.

ఆ పడవలో ఎక్కువమంది భారతీయ నావికులే. తిరిగి చెప్పిన కథల్లో వాళ్లకు పేర్లు కూడా ఉండవు. పిల్లలు ఇది పట్టుకుంటారు, అడుగుతారు కూడా.

అయితే జాగ్రత్తలు లేవని కాదు. హాస్టల్లో చేరిన మొదటి వారంలో ఈ పుస్తకాలు ఇవ్వను. దీపాలార్పే వేళ చదివించను. నలుగురూ కలిసి పగటిపూట చదవాలి. ఉత్తరం రాసే ఘట్టం వచ్చేదాకా ఆపకూడదు. ఆనాటి పిల్లలకు ఒక పోస్టుకార్డు ఇచ్చి పంపేవారు, చేరిన చోటి చిరునామా ఇంటికి రాయడానికి. ఆ కార్డు అందేదాకా బిడ్డ ఎక్కడ ఉన్నదీ చాలామంది తల్లులకు తెలియదు. ఆ అధ్యాయం అయిపోగానే మా పిల్లలచేత కూడా ఇంటికి ఒక కార్డు రాయిస్తాను.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

పిల్లలను బలవంతంగా లాక్కుపోయారనేది అపోహ. 1939 సెప్టెంబరు 1న మొదలైన తరలింపులో కొద్దిరోజుల్లోనే దాదాపు 15 లక్షలమంది పిల్లలు, తల్లులు, టీచర్లు కదిలారు. కానీ పంపాలా వద్దా అన్నది తల్లిదండ్రుల ఇష్టమే. ఇంగ్లండులో తరలించాలనుకున్న బడిపిల్లల్లో సగంమంది కూడా వెళ్లలేదు. బలవంతం ఉన్నది ఆశ్రయమిచ్చేవాళ్లకు: ఇంట్లో ఖాళీ గది ఉండి కాదంటే జరిమానా. ఒక్క పిల్లను ఉంచుకుంటే వారానికి పది షిల్లింగుల ఆరు పెన్నీలు, ఒకరికంటే ఎక్కువమందైతే తలా ఎనిమిది షిల్లింగుల ఆరు పెన్నీలు ఇచ్చేవారు.

వెళ్లినవాళ్లు యుద్ధం ముగిసేదాకా తిరిగి రాలేదనుకోవడం మరొకటి. బాంబులు పడకపోవడంతో 1940 జనవరి నాటికే లక్షలమంది ఇళ్లకు వచ్చేశారు. ఆ ఏడాది సెప్టెంబరులో బ్లిట్జ్, అంటే బ్రిటన్ నగరాలమీద జర్మన్ల వరుస బాంబుదాడులు, మొదలవగానే మళ్లీ ప్రయాణం. పిల్లల కోసం రాసే మిత్రులు ఈ రాకపోకలు మరిచిపోవద్దు.

కిండర్‌ట్రాన్స్‌పోర్ట్ వేరు. 1938 డిసెంబరు నుంచి యుద్ధం మొదలయ్యేదాకా నాజీల నుంచి తప్పించి బ్రిటన్‌కు చేర్చిన దాదాపు పదివేలమంది, ఎక్కువగా యూదుల పిల్లలు, శరణార్థులు. వాళ్లలో చాలామంది తల్లిదండ్రులను మళ్లీ చూడలేదు. రెండు కథలనూ కలిపేయకండి.

ఇక, "అది తెల్లవాళ్ల గొడవ, మనకెందుకు" అనేది చివరిది. 1941 డిసెంబరులో రంగూన్‌మీద జపాన్ బాంబులు పడ్డాక లక్షలమంది భారతీయులు బర్మా విడిచి వచ్చారు. ఓడ దొరకనివాళ్లు అడవులు, కొండలు దాటుకుంటూ కాలినడకన వచ్చారు. రంగూన్ రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ పనిచేసిన మన తెలుగువాళ్లు అందులో ఎందరో. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీదా బాంబులు పడ్డాయి. మా పఠనగంటలో ఒక అబ్బాయి వాళ్ల తాతమ్మ రంగూన్ నుంచి నడిచివచ్చిందన్నాడు. ఆవిడ సంచిలో ఏముందని మిగతా పిల్లలు అడిగారు, వాడికి తెలియదు. సంక్రాంతి సెలవులకు వెళ్లి వాళ్ల నాయనమ్మను అడిగి వచ్చాడు. ఇంగ్లండు జాబితా రాసుకున్న పేజీకి ఎదుటి పేజీలో రాసి చూపించాడు: ఇత్తడి చెంబు, ఒక చీర, మూటలో కాస్త ఉప్పు, చంకలో రెండేళ్ల చెల్లెలు.