ఆవకాయ జాడీ, నాన్న ఆఫీసు

చి. బుజ్జికి, చంటికి తాతయ్య ఆశీస్సులు.

బుజ్జీ, నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. "నాన్న గేటు దగ్గరే ఫోన్ ఇచ్చేసి లోపలికి వెళ్తాడట. లోపల ఇంటర్నెట్ కూడా లేదట. మరి కంప్యూటర్ పని ఎలా చేస్తాడు? లోపలంతా దొంగలేనా?" అని కదా నీ ప్రశ్న. దొంగలెవరూ లేరు తల్లీ. నేనూ అలాంటి చోటే ప్రోగ్రాములు రాసి రిటైరయ్యాను, చెప్తాను విను.

మా నాయనమ్మ ఏటా వేసవిలో పెద్ద జాడీ నిండా ఆవకాయ పెట్టేది. మూతికి గుడ్డ వాసెన కట్టి, చీకటి గదిలో ఓ మూల ఉంచేది. మమ్మల్ని ఆ గది గడప తొక్కనిచ్చేది కాదు. గరిటె పొడిగుడ్డతో తుడిచి, కాసేపు ఎండలో పెట్టి, వారానికి సరిపడా పచ్చడి చిన్న జాడీలోకి తనే తీసేది. ఒక్క తడి చెయ్యి పడితే ఏడాది పచ్చడికీ బూజే. ఆ చెయ్యి దొంగదే కానక్కర్లేదు, మంచినీళ్లు తాగొచ్చిన మనవడిదైనా చాలు. ఇక ఆవకాయ కలిపిన రోజు, ఆ బేసిన్లోనే వేడన్నం వేసి కలిపి తలా ఓ ముద్ద పెట్టేది చూడండీ... సరే, ఆ ముద్దల సంగతి మొదలెడితే ఉత్తరం అక్కడే అయిపోతుంది.

నాన్న ఆఫీసు కంప్యూటర్లే ఆ పెద్ద జాడీ. బయటి ప్రపంచంతో ఒక్క తీగ కూడా కలవదు. పెన్ డ్రైవ్ తడి గరిటె. ఇరాన్‌లో నతాంజ్ అనే చోట యురేనియం శుద్ధి కేంద్రం ఒకటి కట్టారు. అక్కడి యంత్రాలూ ఇంటర్నెట్‌కి దూరంగానే ఉండేవి. అయినా స్టక్స్‌నెట్ అనే వైరస్ లోపలికి దూరింది. పెన్ డ్రైవ్‌ల మీద పాకేలా రాశారు దాన్ని. యురేనియాన్ని శుద్ధి చేస్తూ గిర్రున తిరిగే సెంట్రిఫ్యూజులనే యంత్రాల వేగాన్ని మార్చి పాడుచేస్తూ, తెర మీద మాత్రం అంతా బాగున్నట్టే చూపించింది. 2010లో గానీ బయటపడలేదు. అడుగున బూజు పట్టినా పైన నూనె తేటగా కనిపించే జాడీ అన్నమాట!

అందుకే బయటి సాఫ్ట్‌వేర్ ఏది కావాలన్నా మేం ముందు అర్జీ పెట్టుకోవాలి. దాన్ని వేరే కంప్యూటర్‌లో పరీక్షించి, సీడీలో రాసి, రిజిస్టర్‌లో సంతకం పెట్టాకే లోపలికి. మీరు రెండు నిమిషాల్లో డౌన్‌లోడ్ చేసేదానికి మాకు వారం పట్టేది. ఎర్రర్ వస్తే గూగుల్ లేదు, లావుపాటి మాన్యువల్ తిరగెయ్యాలి, లేదంటే పక్క సీటాయన్ని బతిమాలాలి. నేను రాసింది ఇంకొకరు లైను లైనూ చదివితే గానీ ముందుకు కదలదు. ఒక్కోసారి ఒళ్లు మండేది. కానీ చదవడం వచ్చింది అక్కడే. మీరూ లెక్క రాకపోగానే ఫోన్ తియ్యకుండా కాసేపు దానితో కుస్తీ పట్టండర్రా.

చంటిగాడి అనుమానం ఇంకోటి: దారిలో ఎవరైనా సీడీలో ఒక్క అక్షరం మార్చేస్తే? దానికి ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్క ఉంది. ఎంత పెద్ద ఫైలు ఇచ్చినా అంకెలూ అక్షరాలూ కలిపి 64 గుర్తుల వరస ఒకటి ఇస్తుంది. ఫైల్లో ఒక్క చుక్క మారినా వరసంతా తారుమారే. బయల్దేరినప్పటి వరసనీ, చేరాక తీసిన వరసనీ పోల్చి చూస్తే మార్పు దొరికిపోతుంది. ఒకే వరస వచ్చే రెండు వేరు వేరు ఫైళ్లని ఇంతవరకు ఎవరూ చూపించలేకపోయారు. నాకది ఇప్పటికీ వింతే. ఆదివారం నాన్నని కూర్చోబెట్టి మీ పేర్లకి ఆ వరస తీయించండి, కాగితం మీద రాసుకోండి. తర్వాత చివర ఓ ఫుల్‌స్టాప్ పెట్టి మళ్లీ తీయించండి. రెండిట్లో ఎన్ని గుర్తులు ఉన్నచోటే ఉన్నాయో లెక్కపెట్టి నాకు రాయండి.

ఆఫీసులో ఏం ప్రోగ్రాం రాస్తున్నాడో మాత్రం వాణ్ణి అడక్కండి. నాకే చెప్పడు.

మీ తాతయ్య