టామోక్సిఫెన్ గర్భాశయంలో ఎందుకు ప్లేటు ఫిరాయిస్తుంది?

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక చాలామందికి టామోక్సిఫెన్ మాత్రలు రాస్తారు. ఏళ్ల తరబడి వాడాలి. రొమ్ములో ఈస్ట్రోజన్ హార్మోన్‌ను అడ్డుకోవడం దాని పని. అదే మాత్ర గర్భాశయం లోపలి పొరలో మాత్రం ఈస్ట్రోజన్‌లాగే పనిచేసి, ఆ పొరను మందంగా పెంచగలదు. నెలసరి ఆగిపోయినవాళ్లలో అక్కడ క్యాన్సర్ ముప్పు కొంత పెరుగుతుంది కూడా. అందుకే ఈ మాత్ర వేసుకునేవాళ్లను బ్లీడింగ్ కనిపిస్తే వెంటనే చెప్పమంటారు డాక్టర్లు. ఒకే మందు రెండు చోట్ల రెండు రకాలుగా ఎందుకు ప్రవర్తిస్తుంది?

1950ల చివర్లో షికాగో విశ్వవిద్యాలయంలో ఎల్వుడ్ జెన్సన్, హెర్బర్ట్ జేకబ్‌సన్ అనే శాస్త్రవేత్తలు రేడియోధార్మిక హైడ్రోజన్ తగిలించిన ఈస్ట్రడయోల్‌ను (ఈస్ట్రోజన్లలో ముఖ్యమైనది) ఇంకా ఎదగని ఆడ ఎలుకలకు ఇచ్చారు. రక్తంలోంచి, కండరాల్లోంచి అది తొందరగా పోయింది. గర్భాశయంలో మాత్రం గంటల తరబడి నిలిచింది, అదీ రసాయనికంగా ఏ మార్పూ లేకుండా. ఈ హార్మోన్ ఎంజైముల చర్యల్లో తానూ మారుతూ పనిచేస్తుందని అప్పట్లో చాలామంది నమ్మేవారు. మారకుండా నిలిచిందంటే, దాన్ని పట్టి ఉంచేదేదో కణంలో ఉండాలి. అదే ఈస్ట్రోజన్ రిసెప్టర్. 1986లో దాని జన్యువు చేతికి చిక్కింది. 1996లో బీటా అనే రెండో రకం బయటపడింది కానీ, గర్భాశయం పొరలో పెత్తనం మొదటిదైన ఆల్ఫాదే.

హార్మోన్ తగులుకోగానే రిసెప్టర్ ఆకారం మారుతుంది. రెండేసి జతకట్టి డీఎన్‌ఏ మీద ఒక చిన్న అక్షరాల వరుసను వెతికి పట్టుకుంటాయి: జీజీటీసీఏ, మధ్యలో ఏవైనా మూడు అక్షరాలు, ఆపైన టీజీఏసీసీ. అంతమాత్రాన జన్యువు మేల్కోదు. కోయాక్టివేటర్లనే సహాయక ప్రొటీన్లు వచ్చి, బిగుతుగా చుట్టుకుని ఉన్న డీఎన్‌ఏను వదులు చేయాలి. అప్పుడే ఆ జన్యువు నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారవుతుంది.

ఇలా మేల్కొనే జన్యువుల్లో నాకు అన్నిటికన్నా విచిత్రంగా తోచేది ప్రొజెస్టిరాన్ అనే మరో హార్మోన్‌ను పట్టుకునే రిసెప్టర్‌ది. ఈస్ట్రోజన్ తన జోరుకు కావలసిన బ్రేకును తానే బిగించుకుంటుందన్నమాట! అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ ఆ రిసెప్టర్ ద్వారానే పొర పెరుగుదలను ఆపుతుంది, ఈస్ట్రోజన్ రిసెప్టర్లనూ తగ్గిస్తుంది. పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉన్నవాళ్లలో కొందరికి నెలల తరబడి అండం విడుదల కాదు. అప్పుడు ఆపేవాళ్లు లేక పొర పెరుగుతూనే పోవచ్చు. 1970ల్లో అమెరికాలో మెనోపాజ్ తర్వాత ఒట్టి ఈస్ట్రోజన్ వాడిన స్త్రీలలో గర్భాశయం పొర క్యాన్సర్ ఎక్కువగా కనిపించింది. ఆ తర్వాతే, గర్భాశయం ఉన్నవాళ్లకు ప్రొజెస్టిరాన్ లాంటి మందు కలిపి ఇవ్వడం రివాజైంది.

ఎలుకల్లో ఇంకో తిరకాసు ఉంది. గర్భాశయం పొరలో పైవరుస కణాలు విభజన చెందాలంటే ఈస్ట్రోజన్ రిసెప్టర్ ఉండాల్సింది వాటిలో కాదట, అడుగున ఆసరాగా ఉండే స్ట్రోమా కణాల్లో! అక్కడ మేల్కొన్న జన్యువుల నుంచి వృద్ధి కారకాలు (కణాలను పెరగమనే ప్రొటీన్లు) తయారై పైకి కబురు పంపుతాయి.

ఇక టామోక్సిఫెన్ సంగతి. 2002లో యోంగ్‌ఫెంగ్ షాంగ్, మైల్స్ బ్రౌన్ అనే శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో పెంచిన కణాల్లో దీన్ని పరీక్షించారు. రొమ్ము కణాల్లో టామోక్సిఫెన్ తగిలిన రిసెప్టర్ దగ్గరికి జన్యువును అణిచే కోరెప్రెసర్లు చేరాయి. గర్భాశయం పొర కణాల్లో మాత్రం కొన్ని జన్యువుల దగ్గరికి కోయాక్టివేటర్లు వచ్చాయి. ఎస్‌ఆర్‌సీ-1 అనే కోయాక్టివేటర్ అక్కడ ఎక్కువగా ఉంది. దాన్ని తగ్గిస్తే మందు ఈస్ట్రోజన్ వేషం మానేసింది. దగ్గరి మందైన రలోక్సిఫెన్ మాత్రం గర్భాశయం కణాల్లో కూడా కోరెప్రెసర్లనే పిలిచింది.